పులుపు ఎప్పుడు పడాలి?

మామిడికాయ పప్పు చేసేటప్పుడు మామిడి ముక్కల్ని పప్పులో కలిపేయకుండా, అదే కుక్కర్లో చిన్న గిన్నెలో వేరుగా పెట్టి ఉడికించే ఇళ్లు చాలా ఉన్నాయి. పప్పు మెత్తగా మెదిపాకే ముక్కలు కలుపుతారు. సాంబారుకైనా అంతే, పప్పు ఉడికాకే చింతపండు పులుసు పోస్తారు. ఎందుకని అడిగితే పెద్దవాళ్ల దగ్గర ఒకటే జవాబు: "పులుపు పడితే పప్పు ఉడకదు."

అది చాలావరకు నిజం. ఆ మాట వెనకున్న రసాయనశాస్త్రం కాస్త తెలిస్తే పప్పొక్కటే కాదు, బెండకాయ జిగురు, అరటికాయ నలుపు, గోంగూర రంగు, చేతికంటిన చేపల వాసన, ఇత్తడి బిందె మరకలు, వీటన్నిటికీ దారి దొరుకుతుంది. వంటింటి చిట్కాలు రోజూ ఫోన్లో పదులకొద్దీ వస్తుంటాయి. అవన్నీ గుర్తుపెట్టుకోవడం కన్నా పులుపు ఏ పదార్థాన్ని ఏం చేస్తుందో ఒకసారి తెలుసుకోవడం మేలని నా నమ్మకం. అది తెలిస్తే ఏ చిట్కా పనిచేస్తుందో, ఏది చేయదో మనమే చెప్పగలం.

ముందు పప్పు సంగతి. గింజలోనైనా కూరగాయలోనైనా కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. గోడలో ఇటుకల మధ్య సిమెంటు లాంటిదది. వేడినీళ్లలో ఈ పెక్టిన్ తెగి, కరిగి, కణాలు విడిపోతేనే పప్పు గుత్తికి లొంగుతుంది. నీళ్లలో ఆమ్లం లేనప్పుడు ఈ పని చురుగ్గా సాగుతుంది. పులుపు కలిస్తే బాగా నెమ్మదిస్తుంది.

ఎంత పులుపో చెప్పే కొలత పీహెచ్. 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేస్తూ దీన్ని ప్రతిపాదించారు. 7 అంటే తటస్థం, అటు పులుపూ కాదు, ఇటు దానికి వ్యతిరేకమైన క్షారమూ కాదు. అక్కడి నుంచి ఒక్కో అంకె దిగేకొద్దీ ఆమ్లత్వం పదేసి రెట్లు పెరుగుతుంది. పాలు 6.6 దగ్గర, పెరుగు 4.5 దగ్గర, టమాటా కూడా ఇంచుమించు అక్కడే, చిక్కటి చింతపండు పులుసు 3కి అటూ ఇటూ, నిమ్మరసం 2 పైచిలుకు. పెక్టిన్ అన్నిటికన్నా మొండిగా నిలబడేది పీహెచ్ 4 ప్రాంతంలో. మన పప్పు టమాటా, చుక్కకూర పప్పు, మామిడికాయ పప్పు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. కొత్త కందిపప్పయితే కుక్కర్ వేడికి టమాటాతో కలిపి పెట్టినా ఉడికిపోతుంది. పాత పప్పయితే ఉడకదు. ఒకరింట్లో పనిచేసిన పద్ధతి ఇంకొకరింట్లో చేయకపోవడానికి ఇదొక కారణం.

రెండో కారణం నీళ్లు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. కాల్షియం పెక్టిన్ గొలుసుల మధ్య చేరి వాటిని ఒకదానితో ఒకటి కట్టేస్తుంది. అందుకే చవకబారు పప్పు అనుకుని తిట్టుకున్నదే, తాగే నీళ్లు పోసి ఉడికిస్తే మెత్తగా వస్తుంది. పప్పు కడగడానికి ఏ నీళ్లయినా ఫరవాలేదు. నానబెట్టడానికి, ఉడికించడానికి మాత్రం కఠినత్వం లేని నీళ్లు వాడితే గ్యాసూ టైమూ రెండూ మిగులుతాయి. ఆర్వో లేకపోతే బోరు నీళ్లను ముందురోజే మరిగించి చల్లార్చి, అడుగున తెల్లగా పేరుకున్నది కదలకుండా పైనీళ్లు వంచుకుంటే కొంత కాల్షియం పోతుంది.

పాతబడిన పప్పు ఎందుకు ఉడకదంటే దాని జబ్బు కూడా ఇదే. వేడిగా, తేమగా ఉన్న చోట నెలలకొద్దీ నిల్వ ఉంటే గింజలోనే ఉన్న ఫైటేట్ అనే పదార్థం విరిగి, అది పట్టి ఉంచిన కాల్షియం, మెగ్నీషియం బయటపడతాయి. అవి వెళ్లి పెక్టిన్‌ను పట్టుకుంటాయి. స్టవ్ పక్కన అరలో పప్పు డబ్బా పెట్టకూడదనడానికి ఇంతకన్నా మంచి కారణం అక్కర్లేదు. శనగలు, రాజ్మా లాంటి గట్టి గింజల్ని రాత్రి నానబెట్టేటప్పుడు నీళ్లలో చెంచా ఉప్పు వేస్తే ఉప్పులోని సోడియం కాల్షియాన్ని కొంత తోసేసి ఆ చోట చేరుతుంది, తొక్క మెత్తబడుతుంది. ఉప్పు వేస్తే గింజ ఉడకదన్న మాట చాలామంది చెబుతారు కానీ నానబెట్టే నీళ్ల విషయంలో అది తప్పు.

ఇక వంటసోడా. చిటికెడు వేస్తే పప్పు క్షణాల్లో మెత్తబడినట్టే ఉంటుంది. నీళ్లు క్షారంగా మారి పెక్టిన్ త్వరగా తెగుతుంది. కానీ ఆ క్షారంలో, ఆ వేడిలో బీ1 విటమిన్ నాశనమవుతుంది, కాస్త ఎక్కువైతే సబ్బు రుచి కూడా వస్తుంది. రోజూ వేసేవాళ్లు మానేయడమే మంచిది. అప్పటికే టమాటా వేసేసి, పప్పు ఉడకక ఇరుక్కుపోయినప్పుడు మాత్రం చిటికెడు వేయండి, అక్కడది పులుపునే విరుస్తుంది. ఇంకొక మాట. వెయిట్ కదిలి విజిల్ వచ్చిందంటే లోపల వేడి అప్పటికే దాదాపు 120 డిగ్రీలకు చేరింది. మంట ఎంత పెంచినా ఇక పైకి పోదు, ఆవిరి బయటికి పోతుందంతే. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి పది పన్నెండు నిమిషాలు ఉంచడం, పెద్దమంట మీద విజిళ్లు లెక్కపెట్టడం కన్నా ఎన్నో రెట్లు నయం.

ఇదే గుణాన్ని మనకు అనుకూలంగానూ వాడుకోవచ్చు. బెండకాయ పులుసులో ముక్క విరిగిపోకూడదు, ములక్కాడ చీలిపోకూడదు, సొరకాయ గుజ్జైపోకూడదు అనుకుంటే ముక్క సగం ఉడికేసరికి చింతపండు పులుసు పోసేయాలి. అక్కడి నుంచి ముక్క ఎంతసేపు మరిగినా ఆకారం చెడదు. బంగాళాదుంప, చేమదుంప, కంద మాత్రం పూర్తిగా ఉడికాకే పులుసులో వేయాలి. పచ్చి దుంప ముక్కను పులుసులో వేస్తే అరగంట మరిగినా లోపల గట్టిగానే మిగులుతుంది.

బెండకాయ జిగురుకు రెండు మందులు. జిగురంటే నీళ్లలో ఉబ్బి సాగే పిండిపదార్థపు గొలుసులు. నీళ్లు తగలకపోతే అవి సాగవు. అందుకే కాయను ముందు కడిగి, గుడ్డతో పూర్తిగా తుడిచి, ఆరాకే కోయాలి. చాకు కూడా పొడిగా ఉండాలి. వేపుడుకు వెడల్పాటి మూకుడు పెట్టి, మూత పెట్టకుండా, ఉప్పు చివర్లో వేయాలి. ముందే వేస్తే ఉప్పు ముక్కలోంచి నీళ్లు లాగుతుంది, జిగురు మొదలవుతుంది. ఇంత చేసినా సాగుతుంటే రెండో మందు పులుపు. ఆ గొలుసుల చిక్కదనం తటస్థ నీళ్లలోనే ఎక్కువ, పులుపులో పలచబడుతుంది. చెంచా పెరుగో, కాస్త నిమ్మరసమో చల్లి కలిపితే తీగలు తెగిపోతాయి.

అరటికాయ, వంకాయ, అరటిపువ్వు కోసిన వెంటనే నల్లబడటం ఎంజైమ్ పని. కోసినప్పుడు కణాలు చితికి, లోపల విడివిడిగా ఉన్న పాలీఫినాల్స్ అనే పదార్థాలు, వాటిని ఆక్సిజన్‌తో కలిపే ఎంజైమ్ ఒకచోట చేరతాయి. ఉప్పు నీళ్లలో వేస్తే గాలి కొంత తగ్గుతుంది, ఉప్పు కూడా ఎంజైమ్‌ను కాస్త అడ్డుకుంటుంది. మజ్జిగ కలిపిన నీళ్లలో వేస్తే ఇంకా బాగుంటుంది, పులుపులో ఆ ఎంజైమ్ మందగిస్తుంది. పుల్లమజ్జిగ కాస్త ధారాళంగానే పోయాలి. గిన్నెడు నీళ్లలో రెండు చుక్కలు వేస్తే ప్రయోజనం ఉండదు. అరటికాయ తొక్క తీసే ముందు చేతులకు నూనె రాసుకుంటే పసరు అంటదు.

ఆకుకూరలకు వస్తే పులుపు శత్రువు. ఆకు పచ్చదనం క్లోరోఫిల్‌ది. దాని అణువు మధ్యలో ఒక మెగ్నీషియం ఉంటుంది. క్లోరోఫిల్ నిర్మాణం మీద పరిశోధనలకు జర్మనీ శాస్త్రవేత్త విల్‌స్టాటర్‌కు 1915లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. వేడిలో ఆమ్లం తగిలితే ఆ మెగ్నీషియం ఊడిపోయి రంగు ఖాకీకి తిరుగుతుంది. గోంగూర మూకుట్లో పడగానే పచ్చదనం పోవడానికి కారణం ఇదే, దాని పులుపే దాని రంగును తినేస్తుంది. గోంగూరకు ఆ రంగే అందం, దాన్ని ఎవరూ ఆపాలనుకోరు. పాలకూర పప్పు పచ్చగా ఉండాలంటే మాత్రం చింతపండు అన్నిటికన్నా చివర వేయాలి, లేదా దించాక నిమ్మరసం పిండాలి. ఆకు ఉడికే మొదటి రెండు మూడు నిమిషాలు మూత పెట్టకూడదు. ఆకులోనూ కొద్దిపాటి ఆమ్లాలుంటాయి. మూత తీసి ఉంటే వాటిలో ఆవిరయ్యేవి బయటికి పోతాయి, పెడితే తిరిగి గిన్నెలోనే పడతాయి.

చేపల దగ్గర పులుపు చేసే పని చూస్తే మన పులుసు కనిపెట్టినవాళ్ల మీద గౌరవం పెరుగుతుంది. సముద్రపు చేప చనిపోయాక దాని కండలోని ఒక పదార్థాన్ని బ్యాక్టీరియా ట్రైమిథైలమీన్‌గా మారుస్తుంది. నీచువాసనలో ముఖ్యమైనది అదే. అది క్షారం. ఆమ్లం తగిలితే లవణంగా మారి గాల్లోకి లేవదు, ముక్కుకు అందదు. చెరువు చేపలకుండే మట్టివాసన వేరు, అది జియోస్మిన్ అనే పదార్థానిది. ఆమ్లంలో అదీ విరిగిపోతుంది. అంటే వంజరానికైనా బొచ్చెకైనా చింతపండు పులుసే సరైన జత. ముక్కల్ని ఉప్పు, పసుపు, నిమ్మరసంతో పది నిమిషాలు ఉంచి కడిగితే సగం వాసన అక్కడే పోతుంది. పులుపుకు చేప మాంసకృత్తులు బిగుసుకుంటాయి కాబట్టి ముక్క కూడా విరగదు. గంటలకొద్దీ నానబెడితే మాత్రం పీచులా అవుతుంది. చేపలు శుభ్రం చేశాక చేతులను సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా వాసన పోదనిపిస్తే, ముందు పిండేసిన నిమ్మచెక్కతోనో చింతపండు పిప్పితోనో రుద్ది, ఆ తర్వాత సబ్బు వాడి చూడండి.

పాల విషయంలో అందరికీ తెలిసిందే, పులుపు తగిలితే విరుగుతాయి. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు పీహెచ్ 4.6 దగ్గర పూర్తిగా గడ్డకడుతుంది. కానీ పాలు వేడిగా ఉంటే అంత పులుపు కూడా అక్కర్లేదు, 6 దాటి కిందికి దిగితే చాలు. బెల్లం పరమాన్నం విరిగేది ఇక్కడే. బెల్లంలో కొద్దిగా ఆమ్లం, ఖనిజ లవణాలు ఉంటాయి. స్టవ్ ఆపి, పరమాన్నం కాస్త చల్లారాక, విడిగా కరిగించి వడకట్టిన బెల్లం పాకం పోసి కలిపితే విరగదు, ఇసుకా రాదు. పోసిన తర్వాత మళ్లీ పొయ్యి మీద పెట్టకూడదు. మజ్జిగ పులుసు విరగకుండా శనగపిండి కలుపుతాం కదా, ఆ పిండి ఉబ్బి మాంసకృత్తుల మధ్య అడ్డుపడి వాటిని ముద్దకట్టనివ్వదు. పిండిని మజ్జిగ చల్లగా ఉన్నప్పుడే ఉండల్లేకుండా కలపాలి, సన్నసెగ మీద పొంగు వచ్చేదాకా తిప్పుతూనే ఉండాలి. అల్లం టీ విరిగితే తప్పు పులుపుది కాదు. పచ్చి అల్లంలో మాంసకృత్తులను కోసే ఎంజైమ్ ఉంది. అల్లాన్ని ముందు నీళ్లలో రెండు నిమిషాలు మరిగిస్తే అది చచ్చిపోతుంది, అప్పుడు పాలు పోయాలి.

గిన్నెల దగ్గరికి వద్దాం. చింతపండు గుజ్జు బరువులో సుమారు 8 నుంచి 18 శాతం దాకా టార్టారిక్ ఆమ్లం ఉంటుంది. మరే పండులోనూ ఈ ఆమ్లం ఇంతగా దొరకదనే చెప్పాలి. రాగి, ఇత్తడి మీద పేరుకునే నల్లటి ఆక్సైడ్ పొరను, పచ్చటి చిలుమును అది కరిగిస్తుంది, ఉప్పు ఆ పనిని వేగం చేస్తుంది. అందుకే చింతపండు, ఉప్పు కలిపి రుద్దితే బిందె నిగనిగలాడుతుంది. రుద్దాక వెంటనే బాగా కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. తడిగా వదిలేస్తే సాయంత్రానికే మచ్చలొస్తాయి. చిలుము కరిగినట్టే లోహమూ కరుగుతుంది, ఇది మరువకూడదు. కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో పులుసు, పెరుగు, పచ్చడి ఉంచితే రాగి ఆహారంలోకి దిగుతుంది. కళాయి అంటే లోపల పూసే తగరం పొర, ఆ పొర ఉన్నదే పులుపు నుంచి కాపాడటానికి. ఇత్తడి గిన్నెలు మళ్లీ ఫ్యాషన్ అవుతున్న ఈ రోజుల్లో అందం చూసి కొంటున్నవాళ్లు కళాయి ఉందో లేదో చూడటం లేదు. అది నాకు నిజంగా బెంగగా ఉంది.

అల్యూమినియం కుక్కర్లో ఇడ్లీలు పెడితే అడుగు నల్లబడుతుంది. కఠినమైన, కాస్త క్షారపు నీళ్లు మరిగినప్పుడు అల్యూమినియం పైపొర మారడం వల్ల వచ్చే రంగది. ఆ నీళ్లలో నిమ్మచెక్కో చింతపండు పిప్పో వేస్తే నల్లబడదు. కానీ పులుపు అల్యూమినియాన్నీ కొంత కరిగిస్తుంది, అందుకే అల్యూమినియం గిన్నెలో పులుసు రాత్రంతా ఉంచకూడదు. ఇనుప మూకుడు సంగతి వేరు. పులుసు కాచితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది, అది ఒంటికి మంచిదే. కాకపోతే కూర నల్లబడుతుంది, మూకుడు మీద నూనెతో పట్టిన నున్నటి పొర పోతుంది. కాచిన వెంటనే వేరే గిన్నెలోకి తీసి, మూకుడు కడిగి ఆరబెట్టి, నూనె రాసి పెట్టుకోవాలి.

కెటిల్ అడుగున తెల్లటి గట్టి పొర పేరుకుంటే అది సున్నపురాయి రకం పదార్థం. నీళ్లు నింపి రెండు చెంచాల నిమ్మ ఉప్పు వేసి మరిగించి అరగంట వదిలితే బుసబుసా పొంగి ఊడిపోతుంది. ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్. వంటసోడా, వెనిగర్ కలిపి పోస్తే జిడ్డూ మరకా అన్నీ పోతాయని వచ్చే వీడియోలను మాత్రం నమ్మకండి. ఆ రెండూ ఒకదాన్నొకటి విరుచుకుని చివరికి మిగిలేది ఉప్పునీళ్ల వంటి ద్రవం. సోడాను విడిగా, పులుపును విడిగా వాడితేనే దేని పని అది చేస్తుంది. బ్లీచింగ్ ఉన్న ఏ క్లీనర్‌తోనూ నిమ్మరసం, వెనిగర్ కలపకండి. ప్రమాదకరమైన క్లోరిన్ వాయువు వస్తుంది.

పులుపుకూ క్షారానికీ తేడాను కళ్లారా చూడాలంటే పసుపు ఉంటే చాలు. రెండు స్టీలు గిన్నెల్లో నీళ్లు పోసి చిటికెడు చొప్పున పసుపు కలపండి. ఒకదానిలో తమలపాకుకు రాసే సున్నం కొద్దిగా వేయండి. వేలు పెట్టి తిప్పేలోపే నీళ్లు ఎర్రబడతాయి. దిష్టి తీసే ఎర్రనీళ్లు, కాళ్లకు పెట్టే పారాణి ఇవే. ఇప్పుడు ఆ ఎర్రనీళ్లలో నిమ్మకాయ పిండుతూ పోండి. చుక్క పడినచోట ముందు పసుపుపచ్చ చార కనిపించి, తిప్పితే మాయమవుతుంది. మళ్లీ పడుతుంది, మళ్లీ పోతుంది. ఒక దశలో గిన్నె మొత్తం తిరిగి పసుపుపచ్చకు వచ్చేసి ఇక మారదు. పసుపులోని కర్క్యుమిన్ పీహెచ్ సుమారు 8 దాటితే ఎరుపుకు తిరుగుతుంది. పిల్లలతో చేయించండి, వాళ్లు మర్చిపోరు.

చొక్కా మీద పడ్డ పప్పు మరకకు సబ్బు రాస్తే ఎర్రగా అయ్యేది ఇందుకే. సబ్బు క్షారం. బట్ట పాడైందని కంగారుపడి బ్రష్‌తో గీకక్కర్లేదు. కర్క్యుమిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. నూనె జిడ్డు పోయేలా సబ్బుతో ఉతికి, బాగా జాడించి, తడిగా ఉండగానే ఎండలో వేయండి. ఎండకు కర్క్యుమిన్ విరిగిపోతుంది. పసుపు పట్టిన ప్లాస్టిక్ డబ్బాలకూ ఎండే మందు.

పచ్చళ్ల గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. పీహెచ్ 4.6 కన్నా తక్కువగా ఉన్నచోట బోటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషాన్ని పుట్టించే బ్యాక్టీరియా పెరగలేదు. ఆవకాయ ఏడాదంతా నిలిచేది మామిడికాయ పులుపు, దండిగా వేసిన ఉప్పు, రెండూ కలిసి కాపు కాస్తున్నందుకే. నూనె గాలిని, బూజును ఆపుతుంది కానీ ఒక్క నూనె చాలదు. పైపెచ్చు ఆ బ్యాక్టీరియాకు గాలి లేని చోటే కావాలి. అందుకని పులుపు లేకుండా నూనెలో వేసిన వెల్లుల్లి రెబ్బలు, నూనె కలిపి నూరిన అల్లంవెల్లుల్లి ముద్ద బయట ఉంచకూడదు. ఫ్రిజ్‌లో పెట్టి కొద్దిరోజుల్లో వాడేయాలి, ఎక్కువ చేసుకుంటే డీప్ ఫ్రిజ్‌లో ముక్కలుగా గడ్డకట్టించుకోవాలి. నిమ్మకాయ పచ్చట్లో, వెనిగర్లో వేసిన వెల్లుల్లి ఒక్కోసారి నీలంగానో ఆకుపచ్చగానో మారుతుంది. చూసి భయపడి జాడీ అంతా పారబోసేవాళ్లున్నారు. వెల్లుల్లిలోని గంధక పదార్థాలు పులుపులో అమైనో ఆమ్లాలతో కలిసి తయారయ్యే రంగది, దానివల్ల హాని లేదు. ఆ పచ్చడి నిశ్చింతగా తినొచ్చు.